కొట్టించుకునే బంతులు

నలభై రెండేళ్ళ కురమోచి ఒకప్పుడు ఈ బేస్‌బాల్ జట్టులోనే బంతి విసిరే పిచర్. భుజం దెబ్బతిని మూడేళ్ళకే ఆట ముగిసింది. అప్పటినుంచి రోజూ వల చాటున నిలబడి, బ్యాటర్ల సాధన కోసం నూట ఇరవై బంతులు, కొట్టడానికి వీలుగా విసురుతున్నాడు. ఆ తర్వాత చెయ్యి పైకి లేవదు. అన్నం తినే పుల్లలు ఎడమచేత్తో పట్టడం నేర్చుకున్నాడు.

నిన్న తొంభయ్యో బంతి ఎలా వెళ్ళిందో ఏమో, చివర్లో వంకర తిరిగి కిందికి జారింది. ఎదురుగా ఉన్న కుర్ర బ్యాటర్ ఇషిగురో బ్యాటుకు గాలే తగిలింది. "అబ్బా! ఇదేం బంతన్నా?" అని నోరు తెరిచాడు ఇషిగురో. కోచ్ మాత్రం మండిపడ్డాడు. "ఏమయ్యా, నీకు జీతమిచ్చేది మనవాళ్ళని ఓడించడానికా?" కురమోచి టోపీ తీసి నడుం వంచాడు. "తప్పయిపోయిందండీ, చెయ్యి జారింది." ఇరవయ్యేళ్ళలో ఆ చేతినుంచి అంత మంచి బంతి రాలేదు. తర్వాతది సరిగ్గా బ్యాటు మీదికే, మెత్తగా విసిరాడు.