నడిమిదిబ్బ హద్దు తేలిన వైనం

తిత్లీ తుపాను వెళ్లిన మరుసటి ఏడాది ఫిబ్రవరిలో నాకు నడిమిదిబ్బ డ్యూటీ పడింది. అప్పటికి నేను సర్వే శాఖలో డిప్యూటీ ఇన్‌స్పెక్టర్ని. అంటే మండల సర్వేయర్లు గీసిన గీతలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసి సంతకం పెట్టేవాణ్ణి. పై అధికారి నన్ను పిలిపించి, జిల్లా మొత్తంలో ఈ పని చేయగలిగినవాడివి నువ్వొక్కడివే అన్నారు. ఈ మాట నా పదవీ విరమణ సభలో చెప్పాను, చీపురుపల్లిలో మా బావమరదులకి చెప్పాను, విజయనగరంలో పొద్దున నడకకి వచ్చే మిత్రులకి ఇప్పటికీ చెబుతున్నాను. నిజమేమిటంటే నాకంటే ముందు ఆ ఉత్తర్వు ఇద్దరికి వెళ్లింది. ఒకాయనకి నడుము పట్టేసింది. ఇంకొకాయనకి అత్తగారు పోయారు. ఆవిడ అంతకుముందు ఏడు కూడా ఒకసారి పోయిన మనిషే.

నడిమిదిబ్బ మన జిల్లాకి ఉత్తరపు కొసన, ఒక నది సముద్రంలో కలిసేచోట ఉన్న దీవి. నది పేరు రాయను. రాస్తే రెండు రాష్ట్రాల నుంచీ ఉత్తరాలొస్తాయి. దిబ్బ అసలు పేరూ ఇది కాదు. దక్షిణపు గట్టు మనది, ఉత్తరపు గట్టు పక్క రాష్ట్రానిది. నది రెండు పాయలుగా చీలి దిబ్బని చుట్టి వెళ్తుంది. పాయ సముద్రంలో పడే నోటిని అక్కడివాళ్లు మొగ అంటారు. దిబ్బకి ఉత్తరాన ఒక మొగ, దక్షిణాన ఒక మొగ. దీవి చుట్టి రావడానికి ఒక పూట పడుతుందని మిత్రులతో అంటుంటాను. చుట్ట అంటించి, అది ఆరేలోపు చుట్టి రావచ్చు. కొంత సరుగుడు తోపు, కాసిని కొబ్బరిచెట్లు, గంగమ్మ గుడి, ముప్పై గడపలకి మించని జాలరి పేట. అంతే.

అలలకి ఎదురొడ్డి ఆ దీవిలో అడుగుపెట్టానని కూడా చెబుతుంటాను. అలలు లేవు. పడవ ఇసుకలో కూరుకుపోతే ఒక ముసలి జాలరి నన్ను మూటలా భుజాన వేసుకుని ఒడ్డున దించాడు. ఆయన పేరు గురయ్య. దిబ్బకి పెద్ద ఆయనే. దించి, నన్ను పైనించి కిందికి చూసి, "ఇటోల్ల సర్వేరులినీ, అటోల్ల అమీనులినీ అందర్నీ నానే మోసినాను బాబూ. అందర్లోకీ నువ్వే తేలిక" అన్నాడు. బరువు గురించే అన్నాడనుకున్నాను అప్పుడు.

తగువు ఇదీ. రెండు రాష్ట్రాల మధ్య పాత ఒప్పందంలో దిబ్బ గురించి ఉన్నది ఒక్క వాక్యం. ఎండాకాలంలో నది ఏ మొగన సముద్రంలో కలుస్తుందో అదే హద్దు. ఉత్తరపు మొగ పారుతుంటే దిబ్బ మనది. దక్షిణపు మొగ పారుతుంటే వాళ్లది. రాసినవాళ్లు చదువుకున్నవాళ్లే గానీ, ఎండాకాలంలో అక్కడ నిలబడి చూసినవాళ్లు కారు. చలికాలం వెళ్లేసరికి సముద్రం ఇసుక తెచ్చి రెండు మొగలూ పూడ్చేస్తుంది. నీరు లోపలే నిలిచి ముక్కిపోతుంది, పడవలు బయటికి పోలేవు. అందుకని ఏటా ఊరంతా పారలు పట్టుకుని ఏదో ఒక మొగ తవ్వుకుంటారు. ఏది తవ్వాలన్నది గురయ్య చెప్పాలి. ఆయన గెడతో ఇసుకని అక్కడొక పోటు, ఇక్కడొక పోటు పొడిచి, గంగమ్మకి దండం పెట్టి, అమ్మ ఇలగ సెప్పినాది అనేవాడు. అమ్మ ఒక ఏడు ఉత్తరం చెప్పేది, మరుసటేడు దక్షిణం చెప్పేది. వంతు ఎన్నడూ తప్పేది కాదు.

మా శాఖకి ఇది అర్థం కావడానికి చాలా కాలం పట్టింది. సర్వే బృందం వచ్చి ఉత్తరపు మొగ పారుతోందని రాసుకుని పోయేది. ఆ ఫైలు రెండు రాజధానులూ తిరిగేసరికి ఏడాది అయ్యేది. సరిచూడటానికి వచ్చిన బృందానికి దక్షిణపు మొగ కనిపించేది. ఫైలు మళ్లీ మొదటికి. రెండు ప్రభుత్వాల మధ్య పొరుగు వ్యవహారం అంతా ఒక ముసలాయన పార చివర నడిచింది.

ఆయన ఎందుకు నడిపాడో దిబ్బ మీద ఒక రోజు ఉంటే తెలిసిపోతుంది. ఎవరి రేషను తింటే వాళ్ల ప్రజ అని రెండు ప్రభుత్వాలకీ భయం. అందుకని ఇటు బియ్యం, అటు బియ్యం పడవల మీద గుమ్మంలోకి వచ్చేవి. ఇటు పంతులు, అటు పంతులు ఒకే పాక పంచుకుని రోజు విడిచి రోజు చెప్పేవాళ్లు. పిల్లలకి పోలియో చుక్కలు ఇటు నర్సు వేసి వెళ్లిన వారానికే అటు నర్సు వేసేది. ఆగస్టు పదిహేనున రెండు జెండాలు, రెండు చోట్లా లడ్డూలు. మనుషులకీ రెండేసి పేర్లు. మన కార్డులో గురయ్య, వాళ్ల కార్డులో గురు బెహరా.

లేనిది ఒక్కటే, ఇల్లు. తగువులో ఉన్న భూమికి పట్టా ఇవ్వరు. పట్టా లేనిదే ప్రభుత్వపు ఇల్లు రాదు. తిత్లీకి దిబ్బ మీద తాటాకు కప్పు ఒక్కటీ మిగల్లేదు. గురయ్య కోడలు ఎర్రమ్మ అప్పటినుంచీ టార్పాలిన్ కింద కాపురం ఉంటోంది. ఆమె మొగుడు, అక్కడి మగవాళ్లందరిలాగే, గుజరాత్‌లో వేరావల్ బోట్ల మీద కూలికి పోయాడు. వేసవి నడిమికి గానీ రాడు. సముద్రపు గాలికి చుట్ట ఆరిపోకుండా నిప్పు కొసని నోట్లో పెట్టుకుని కాల్చే మనిషి ఆవిడ. మాట కూడా అలాగే ఉండేది.

ఆ ఏడు వచ్చిన ఉత్తర్వు పాతవాటిలాంటిది కాదు. రెండు రాష్ట్రాల సర్వేయర్లు ఒకే రోజు, ఒకే చోట, పారుతున్న మొగని ఉపగ్రహాల యంత్రంతో కొలవాలి. అక్కడికక్కడే ఇద్దరూ సంతకం పెట్టాలి. ఆ అంకెలే శాశ్వతమైన హద్దు. తర్వాత నది ఎటు పోయినా గీత కదలదు. ఇదంతా గుడి దగ్గర అందరినీ కూర్చోబెట్టి నేనే వివరించాను. అక్కడే మావా కోడళ్ల మధ్య మాట పెరిగింది.

గురయ్య గెడ దించి, "ఈ ఏడు దచ్చినం వంతు" అన్నాడు. వంతు తప్పకపోతే ఈ గీత కూడా పాత ఫైళ్లలాగే మళ్లీ మొదటికి వస్తుందని ఆయన లెక్క.

"వంతు నీది మావా, వాన నా నెత్తి మీద" అంది ఎర్రమ్మ.

"ఒసే ఎర్రీ, ఇద్దరు పిలిస్తేనే సుట్టానికి పీటేస్తారు. ఒక్కడికే సుట్టమైపోతే, నీలు నువ్వే తోడుకో అంటాడు."

"పీట నాకొద్దు, గోడ గావాల. ఉత్తరం తవ్వి ఈ బాబోల్లకే సుట్టమైపోదాం. నీ కొడుకు ఎవుడి బోటు మీదో తొంగుంటన్నాడు, నాను గాలికి ఎగిరే గుడ్డ కింద తొంగుంటన్నాను. తగువు తేల్తే గానీ పట్టా రాదని ఈ బాబే సెప్పినాడు. అవునా, కాదా బాబూ?"

అవునన్నాను. నిబంధన అదే. తగువు తేలితే తప్పకుండా వస్తుందని నేను చెప్పలేదు. ఆవిడ అది అడగలేదు.

గురయ్య మాట చెల్లకపోవడం ఆ పేట చరిత్రలో అదే మొదటిసారట. కారణం పెద్దదేమీ కాదు. మగవాళ్లు వేరావల్‌లో ఉన్నారు. పారలు పట్టాల్సినవాళ్లు ఆడవాళ్లు, వాళ్లు ఎర్రమ్మ వెనక నిలబడ్డారు. మర్నాడు పొద్దున్న నీరు వెనక్కి లాగే వేళ చూసి ఉత్తరపు మొగకి గండి కొట్టారు. మనిషి పట్టేంత కాలవ తవ్వితే చాలు. లోపల నిలిచిన నీరు దారి కనిపెట్టి, మొదట చెమ్మలా, తర్వాత ధారలా వచ్చి, ఇసుక గోడల్ని తనే కూలగొట్టుకుంటూ పోతుంది. మధ్యాహ్నానికి అక్కడ నది ఉంది. ఆడవాళ్లు గంగమ్మకి కోడిని కోశారు. ఎర్రమ్మ తడి చీరతోనే దిబ్బ మీదికి నడిచి, పారతో నాలుగు గీతలు గీసి, "ఇది వసారా, ఇది పొయ్యి గది" అని నాకు చూపించింది.

మర్నాడు అటు ప్రభుత్వపు అమీను, అంటే వాళ్ల సర్వేయరు, వచ్చాడు. మహంతి అందాం. మా ఇద్దరికీ ఇరవై ఏళ్ల పరిచయం, ఎన్నో హద్దుల దగ్గర ఒకే డబ్బాలో అన్నం తిన్నవాళ్లం. కొలత విధానం ఇలా ఉంటుంది. మన గట్టున స్థానం తెలిసిన రాయి మీద ఒక యంత్రం కదలకుండా నిలబెడతారు. రెండోది పొడవాటి గెడ చివర బిగించి, పారే నీటి మధ్యగా నడిపిస్తారు. రెండూ ఒకేసారి ఉపగ్రహాల మాట వింటాయి. ఆ గెడ పట్టుకుని గుండె లోతు నీళ్లలో నడిచింది నేనేనని మా మనవలకి చెప్పాను. నేను గొడుగు కింద కూర్చుని మీట నొక్కాను. నీళ్లలో నడిచింది గురయ్య. కూలి ఇస్తారా అని అడిగి మరీ దిగాడు.

గెడ నిలబెట్టినప్పుడు తల పైకెత్తి, "ఇసకలో రాయి పాతితే రెండు వానలకి పోతాది. ఈసారి ఎక్కడ పాతతన్నారు బాబూ?" అన్నాడు. ఆకాశంలో అన్నాను, సరదాకి. ఆయన గెడ పట్టుకునే పొట్ట అదిరేలా నవ్వాడు. "ఆకాశంలో రాయి పాతుతారేటి!"

సాయంత్రానికి సంతకాలైపోయాయి. మహంతి కలం మూసి, తమ భాషలో పెద్దలకి జవాబిచ్చే మర్యాద మాటతో, "గెలిచారు ఆగ్యా. ఇంక మీరే సాకండి" అన్నాడు. అతని మొహంలో ఓడినవాడి కళ లేదు.

దీవిని గెలిచి తెచ్చినవాణ్ణని నాకు ప్రశంసా పత్రం వచ్చింది. చాలాకాలం ఆ మాట నేనూ వాడుకున్నాను. గెలిచింది ఎర్రమ్మ పార.

ఆ తర్వాత జరిగింది పెంచడానికేమీ లేదు. పక్క రాష్ట్రంవాళ్లు తమ బియ్యం, తమ నర్సు, తమ పంతుల్ని వెనక్కి పిలుచుకున్నారు. గుడి ముందు పాతిన సోలారు దీపం కూడా స్తంభంతో సహా విప్పుకుపోయారు. ఇటు మనవాళ్లకి ఇక భయం లేదు. పిల్లలు తక్కువని బడిని గట్టు మీది బడిలో కలిపేశారు. మధ్యలో నది ఉందన్న సంగతి ఆ ఉత్తర్వులో లేదు. బియ్యం గుమ్మంలోకి రావడం మానేసి గట్టు మీద దుకాణానికి చేరాయి. అక్కడ యంత్రం మీద వేలిముద్ర పడాలి. వలతాడు లాగి లాగి అరిగిన వేళ్లని యంత్రం గుర్తుపట్టదు.

ఇక పట్టా. రికార్డులోకి ఎక్కిన ప్రతి భూమికీ ఒక రకం ఉండాలి. రైతుదైతే జిరాయితీ. ఎవరికీ ఇవ్వకూడనిదైతే పోరంబోకు. రెండు పాయల మధ్య ఇసుక మేట కనుక నడిమిదిబ్బ నది పోరంబోకు. అంటే నీటి దారి. నీటి దారికి ఎవరి పేరా పట్టా ఇవ్వరు, దాని మీద ఇల్లు కట్టనివ్వరు. తగువు నడిచినన్నాళ్లూ ఏ ప్రభుత్వమూ ఆ మాట రాయలేకపోయింది. పటం మీద రాసింది నేనే. ఇంకో మాట రాసే వీలు మా శాస్త్రంలో లేదు.

వానాకాలం వెళ్లాక హద్దురాయి పాతించడానికి మళ్లీ వెళ్లాను. ఆ ఏడు ఎగువ నుంచి వరద వచ్చి ఉత్తరపు మొగని తనే పూడ్చేసి దక్షిణాన పడింది. దిబ్బ ఉత్తరపు గట్టుకి అతుక్కుపోయింది. జనం నడిచి పక్క రాష్ట్రపు దుకాణం దాకా పోగలరు. అక్కడ దిబ్బవాళ్ల పాత కార్డు ఇక చెల్లదు. కార్డు చెల్లే దుకాణానికి పోవాలంటే నది దాటాలి. నేను పాతించాల్సిన రాయి, నది లేని పొడి ఇసుకలో పడింది.

టార్పాలిన్‌కి మాసికలు పెరిగాయి. ఎర్రమ్మ ఇల్లు ఎప్పుడొస్తాదని అడిగింది. పోరంబోకు సంగతి చెప్పాను. ఆవిడ అరవలేదు.

"తగువున్నప్పుడు ఇది ఏటి బాబూ మరి?"

"అప్పుడు ఏమీ కాదు."

"ఏటీ కానప్పుడు రెండు బియ్యాలు తిన్నాం. ఇప్పుడు నీ పోరంబోకు తినమంతావా?"

చుట్ట తీసి ఉమ్మి, పారతో తను గీసిన చోటికి కూడా చూడకుండా వెళ్లిపోయింది.

గురయ్య రాయి దగ్గర కూర్చుని ఉన్నాడు. కోడల్ని ఒక్క మాటా అనలేదు. "నది ఎలిపోనాది బాబూ. నీ గీత రానేదు" అన్నాడు. ఇప్పుడు దక్షిణపు మొగే పారుతోంది కదా, అటోళ్లని పిలిచి చూపిస్తే మళ్లీ తగువు పెట్టుకుంటారేమోనని అడిగాడు. పెట్టుకోరని, ఇక ఏ మొగ పారినా లెక్క కాదని చెప్పాను. ఆయన సిమెంటు రాయిని కాలితో తన్ని చూసి, "దీన్ని పీకడం చిటికెలో పని. ఆ పైది ఎలగ పీకాలో అది సెప్పు" అన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు గురయ్య నన్ను మోయలేదు. చెప్పులు చేత్తో పట్టుకుని, నడుము లోతు నీళ్లలో నేనే పడవ దాకా నడిచాను. కాదు, మోకాలి లోతే.

ఉద్యోగం ఉన్నన్నాళ్లూ, హద్దు తేలడం ఎప్పుడూ మేలే అనుకుని పనిచేశాను. నడిమిదిబ్బలో తెలిసింది వేరు. ఒక నేల ఎవరిదో తేలే దాకా అక్కడి మనుషులు రెండు పక్షాలకీ సాక్షులు. సాక్షులకి భోజనం పెడతారు. తీర్పు వచ్చాక సాక్షులతో పని ఉండదు.