ఒళ్లో రెండు సంచులు

పోయిన ఆదివారం చర్చి నుంచి వచ్చి, వానలు పడ్డా తగ్గని ప్రొద్దుటూరు ఎండకు జడిసి తలుపులన్నీ వేసుకుని కూర్చుని ఉంటే, మా మనవరాలు ఫోను తెచ్చి నా కళ్లద్దాలకు ఆనించినంత దగ్గరగా పెట్టి, జేజీ, ఇది వేముల పక్కనేనంట, పోదామా అంది. చూద్దును కదా, కొండ చీలికలోంచి సన్నగా దూకుతున్న నీళ్లు, కింద మోకాలిలోతు గుండం, చుట్టూ ఫోటోలు దిగే జనం. దాన్ని నేను గుర్తుపట్టకపోతే ఇంకెవరు పడతారు! ఆ నీళ్ల ఎదురుగా ఒక మధ్యాహ్నమంతా కూర్చుని, ఒక్క చుక్క మీద పడకుండా తిరిగొచ్చిన మనిషిని నేను. మా ఆయన బతికున్నన్నాళ్లూ ఆ సంగతి తలుచుకుని నవ్వేవారు గానీ, నా నవ్వులో మాత్రం కాస్త కడుపుమంట కూడా కలిసి ఉండేది.

అప్పుడు నాకు టీచరు ఉద్యోగం వచ్చిన కొత్త. పార్టీల రోజులు, అంటే ముఠాకక్షల రోజులు, నా ఈడువాళ్లకు వేరే చెప్పక్కరలేదు. నన్ను వేసిన పల్లెలో గేరి అంటే వీధి, పైగేరి ఒక పార్టీ, దిగువగేరి ఒక పార్టీ. టీకొట్లు రెండు, రచ్చబండలు రెండు, బస్సులో ముందు సీట్లు వాళ్లవి, వెనక సీట్లు వీళ్లవి. చివరికి బళ్లో పిల్లలు కూడా నల్లబల్లకు అటు సగం, ఇటు సగం కూర్చునేవారు. నాకు ముందున్న అయ్యవారు పైగేరిలో ఒక పెళ్లిభోజనం చేసిన పాపానికి దిగువగేరి దృష్టిలో వాళ్ల మనిషైపోయి, వారం తిరక్కుండా పెట్టె సర్దుకున్నాడని చేరిన రోజే చెప్పారు. ఇంటి దగ్గర మా అమ్మా, ఇద్దరు చెల్లెళ్లూ నా ఉద్యోగం మీదే ఉన్నారు, నేను పెట్టె సర్దితే కుదరదు. అందుకని పైగేరిలో ఒక గ్లాసు మజ్జిగ తాగితే, కడుపు ఉబ్బినా సరే, దిగువగేరికి పోయి ఇంకో గ్లాసు తాగి వచ్చేదాన్ని. ఇప్పటికీ మజ్జిగ చూస్తే నాకు భయమే.

ఒకనాడు పాఠంలో జలపాతం వచ్చింది. నీళ్లు కొండ మీంచి దూకుతాయని చెబుతుంటే ఒక పిల్ల లేచి, “మోటరు యాడుంటాది టీచర్?” అంది. మోటరు లేదమ్మా, వాటంతట అవే దూకుతాయన్నాను. “కరెంటు పోయినా దూకుతాయా?” అన్నాడు ఇంకొకడు. క్లాసంతా నన్ను అబద్ధాలకోరును చూసినట్టు చూసింది. వాళ్ల తప్పేముంది పాపం, బోరు పైపులోంచి తప్ప నీళ్లు దూకడం చూసిన పిల్లలు కారు. నిజానికి ఊరికి రెండు మైళ్లలోనే, కొండ కోనలో, వానలు పడ్డాక నెల్లాళ్లు నీళ్లు దూకుతాయని పెద్దవాళ్లందరికీ తెలుసు. ముప్పావుగంట నడక, పెద్ద ఎక్కుడు కూడా కాదు. కానీ దారి రెండు పార్టీల చీనీతోటల, అదే బత్తాయితోటల, నడుమనుంచి పోతుంది కాబట్టి ఏళ్లుగా ఎవరూ అటు తొంగిచూడలేదు. నాకు రోషం వచ్చింది. చూపిస్తాను పదండి అనేశాను, పైగా ఆ నీళ్ల కింద నిలబడాలని నాకూ మనసులో పిచ్చికోరిక పుట్టింది.

పైగేరి పెద్దాయన ఆలోచించి, పిల్లల వెంట ఇద్దరిని పంపుతానన్నాడు. అది విని దిగువగేరి పెద్దాయన ముగ్గురిని పంపుతానన్నాడు. అది విని పైగేరి నలుగురైంది. తెల్లారేసరికి నా వెనక ఇరవై మంది పిల్లలూ, పదహారు మంది మీసాలవాళ్లూ, రెండు గుడ్డసంచులూ తయారయ్యాయి. ఆ సంచుల్లో రంపపుపొట్టు, పొట్టులో ఏముంటాయో నా ఈడువాళ్లు అడగరు, చిన్నవాళ్ల కోసం చెబుతున్నాను, నాటుబాంబులు.

తోటలు దాటగానే దారి ఒక మనిషి పట్టేంత సన్నబడింది. ఇక చూడండి తమాషా! ఎదుటి పార్టీవాణ్ణి వెనక పెట్టుకుని నడవడానికి ఏ ఒక్కడూ ఒప్పుకోడు. మీరు ముందంటే మీరు ముందని అరగంట అక్కడే అయిపోయింది. పిల్లలు ఎండకు వాడిపోతున్నారు. నాకు ఒళ్లుమండి, బళ్లో ప్రార్థనకు నిలబెట్టినట్టు ఎత్తు ప్రకారం లైనులో నిలబడండి అని అరిచాను. ఎవరి మీద అరిచానో అరిచాక గానీ తెలియలేదు, ఏమనుకున్నారో ఏమో, మీసాలు సవరించుకుంటూ భుజం భుజం కొలుచుకుని నిజంగానే నిలబడ్డారు. పైగేరీ దిగువగేరీ కలగాపులగమైపోయి, పొట్టివాళ్లు ముందు, పొడుగువాళ్లు వెనక, అలా కోనలోకి చేరాం.

నీళ్లు రెండు నిలువుల ఎత్తు నుంచి దూకుతున్నాయి, అంతే. కానీ పిల్లల కేకలు చూడాలి! మోటరు కోసం రాయి వెనక వెతికినవాడు కూడా ఉన్నాడు. నేను కొంగు దోపుకుని ఆడపిల్లలతో నీళ్లలోకి దిగబోతుంటే, పైగేరివాళ్లలోకెల్లా పెద్ద మీసాలాయన సంచి పట్టుకుని వచ్చాడు. పాపం వాళ్లకూ స్నానం చేయాలని ఉంది, సంచి తడిస్తే పనికిరాదు, ఎదుటివాళ్లుండగా కింద పెట్టలేడు. “టీచరమ్మా, నువ్వు ఎవురి మనిషీ కాదు గదా, దీన్ని సూస్తాండు. కదిలించొద్దు” అని నా ఒళ్లో పెట్టాడు. కాదంటే దిగువగేరి మనిషినన్నట్టు. తీసుకుని ఊరుకుంటే పైగేరి మనిషినన్నట్టు. అందుకని దిగువగేరి సంచి కూడా నేనే అడిగి రెండో తొడ మీద పెట్టుకున్నాను. ఒకటికొకటి తగిలితే ఏమవుతుందప్పా అని అడిగితే, “తగలనీయొద్దుమ్మా” అని మీసాలాయన ఒక్కమాట చెప్పి నీళ్లలోకి దూకేశాడు.

ముక్కు మీద ఈగ వాలింది, తోలలేను. మగవాళ్లు డ్రాయర్లతో గెంతుతుంటే మర్యాదగా పక్కకు చూద్దామంటే సంచుల మీంచి చూపు తిప్పలేను. ప్రార్థన కళ్లు మూసుకుని చేసే అలవాటు నాది, ఆ రోజు మాత్రం తెరిచే చేశాను.

ఇంతలో పైగేరి మీసాలాయన మొహం నిండా సబ్బు పూసుకుని, కళ్లు మూసుకుని, “రేయ్, వీపు రుద్దురా” అని చెయ్యి వెనక్కి చాపాడు. సబ్బు అందుకుని రుద్దినవాడు దిగువగేరి పొట్టాయన. తడిసిపోయాక ఎవరు ఏ గేరో ఎవరికి తెలుస్తుంది! మీసాలాయన కళ్లు కడుక్కుని వెనక్కి తిరిగి చూశాడు. అంతే, పదహారు మందీ ఒకేసారి నా ఒళ్లోకి చూశారు. అయిపోయింది దేవుడా, ఈ పిల్లల్ని ఎందుకు తెచ్చాను అనుకుని సంచులకు చేతులు అడ్డం పెట్టాను.

మీసాలాయన వీపు తడిమి చూసుకుని, “సగమే రుద్దినావే” అన్నాడు.

పొట్టాయన మిగతా సగం రుద్దాడు. కానీ ఆ ఊళ్లో దేనికైనా ఎదురు తీర్చాల్సిందే కదా, పైగేరివాడు బాకీ పడి ఉంటే ఎట్లా? మీసాలాయన పొట్టాయన వీపు రుద్దాడు, ఇంకాస్త గట్టిగా. దానికి పొట్టాయన తమ్ముడు పైగేరివాడొకడి వీపు పట్టుకున్నాడు. అలా పగ తీర్చుకోవడం పూర్తయ్యేసరికి పొద్దు వాలింది. నేను లేచి కాళ్లు తడుపుకుందామనుకుంటే, సంచులు తీసుకుని, “పొద్దు పోతాంది, పదమ్మా” అన్నారు. తిరుగుదారిలో మాత్రం ఎవరూ చెప్పకుండానే ఎత్తు ప్రకారం నడిచారు.

మారిపోయారనుకునేరు! పదిరోజులకే మళ్లీ ఒకరి చీనీచెట్లొకరు నరుక్కున్నారు. నేను మాత్రం పెట్టె సర్దాల్సిన పని లేకుండా, రెండు గేరుల మజ్జిగా తాగి, రెండేళ్లకు బదిలీ మీదే వచ్చాను.

మొన్న మనవరాలితో వెళ్లాను. ఇప్పుడు సిమెంటు మెట్లు, ఇనుప కడ్డీలు. కింద రేకుల నీడలో ఒక ముసలాయన, వచ్చినవాళ్ల సంచులూ ఫోన్లూ చూసిపెడుతూ కూర్చుని ఉన్నాడు. మీసం తెల్లబడింది గానీ అదే మీసం. కళ్లు చికిలించి, “టీచరమ్మవి కాదూ నువ్వు?” అన్నాడు. వీపు రుద్దినాయన ఏడని అడిగితే, “నిరుడు పోయినాడుమ్మా, షుగరొచ్చి” అని, మీసం నిమురుకుని, “శానా బాగా రుద్దినాడు ఆ పొద్దు” అన్నాడు. తర్వాత నా చేతిసంచి తీసుకుని ఒళ్లో పెట్టుకున్నాడు. “పోమ్మా, ఈ తూరి నీ వంతు. నేను కదిలించనులే.”

నీళ్లు అప్పటికన్నా సన్నబడ్డాయి, అయినా నా నెత్తికి చాలాయి. ఆ దారిలో ఇప్పుడు ముందెవరు, వెనకెవరు అని ఎవరూ చూడరు, ఏ పార్టీ అని అడగరు, ఆ మాటకొస్తే నువ్వెవరని కూడా అడగరు. బాంబులు పోయినందుకు దేవునికి వేయి స్తోత్రాలు. కానీ ఎవరి మనిషినీ కానన్న ఒక్క నమ్మకంతో రెండు గేరులూ తమ ప్రాణాలు తెచ్చి నా ఒళ్లో పెట్టిన రోజుల్లో నాకొక విలువ ఉండేది, అది తలుచుకుంటే, సిగ్గు విడిచి చెబుతున్నాను, బెంగగానే ఉంది. తల తుడుచుకుంటూ వచ్చేసరికి ఆయన రెండు చేతులూ నా సంచికి అడ్డం పెట్టి, దాని మీంచి చూపు తిప్పకుండా కూర్చుని ఉన్నాడు. అందులో నా కళ్లద్దాలూ, బీపీ మాత్రలూ తప్ప ఏమీ లేవని నేను చెప్పలేదు.