గొంతు పోయిన కారు

ఆ రోజుల్లో కరెంటు గురించి నాకు తెలియనిది లేదని నా గట్టి నమ్మకం. ఇప్పుడు ఎల్లారెడ్డిలో కార్ల సామాన్ల చిన్న కొట్టు నడుపుతూ కూడా ఒక స్పీకరును ముట్టుకునే ముందు కాసేపు ఆలోచిస్తాను కానీ, అప్పుడు ఆలోచన అనేది చేతకానివాళ్ల అలవాటు అనుకునేవాణ్ణి. లింగంపేటలో పొలాల మీద బోరు మోటార్లు బాగుచేసేవాళ్ల వెంట తిరిగి నేర్చుకున్న విద్య నాది. ఆ ధైర్యంతోనే కామారెడ్డిలో ఒక కార్ల డెకరేషన్ దుకాణంలో చేరాను. సీట్లకు కవర్లు తొడగడం, కాళ్ల కింద మ్యాట్లు పరచడం నా పని. స్పీకర్ల పని దగ్గరికి మాత్రం మా సేటు నన్ను రానిచ్చేవాడు కాదు. (ఆయన ముందుచూపు ఎంత గొప్పదో అర్థం కావడానికి నాకు చాలా కాలం పట్టింది.)

ఇంట్లో బాపుకు ఈ ఉద్యోగం ససేమిరా నచ్చలేదు. "సీట్లకు బట్టలు తొడుగుడు గూడ ఒక పనేనారా?" అనేవాడు. అప్పటికే దుబాయికి వీసా తెప్పించి పెట్టాడు. నాకేమో పోవాలని లేదు. ఎడారిని తలుచుకుంటేనే గొంతు ఎండిపోయేది. అవ్వ (మా వైపు తండ్రిని బాపు అనీ, తల్లిని అవ్వ అనీ పిలుస్తాం) అటూ ఇటూ కాకుండా ఇద్దరికీ అన్నం పెట్టేది. సరిగ్గా ఆ సమయంలో ఎల్లారెడ్డిలో ఉండే మా మేనమామ కొత్త కారు కొన్నాడు. పండుగ చివరి రోజు, సద్దుల బతుకమ్మ నాడు ఆ కారును మైదానంలో నిలబెట్టి, డోర్లు తెరిచి, వాడంతా వినబడేలా పాటలు పెట్టాలని ఆయన కోరిక. "అల్లుడా, సౌండు అదిరిపోవాలె. గని కంపెనీ డెక్కు ముట్టద్దు, కంపెనీ స్పీకర్లు మార్చద్దు" అన్నాడు. అంటే కారుతో వచ్చిన పాటల పెట్టెను కదపకుండా, సౌండు పెంచే ఆంప్లిఫయర్ డబ్బా బయట కొని తెచ్చి, కారుతో పాటు వచ్చిన స్పీకర్లకే తగిలించాలన్నమాట. ఇంతకన్నా సులువైన పని లోకంలో ఉంటుందా అనుకున్నాను. బాపు ఆ మాట పట్టుకున్నాడు. "గా కారు నలుగురి ముంగట సక్కగ మోగితే దుకాణంలనే ఉండు. మోగకపోతే పెట్టె సదురుకో" అన్నాడు. నేను వెంటనే ఒప్పుకున్నాను.

దుకాణానికి సెలవున్న రోజు మామ కారును కామారెడ్డికి తెచ్చాడు. డోర్ల అట్టలు ఊడదీసి చూస్తే ఎర్ర తీగ, నల్ల తీగ ఉంటాయనుకున్నవాడికి ఊదా రంగు మీద తెల్ల గీత, పచ్చ రంగు మీద గోధుమ గీత కనిపించాయి. అవి తీగలా, పట్టు చీరల అంచులా అని కాసేపు నిలబడిపోయాను. ఎట్లాగో ఏది వచ్చే తీగో, ఏది పోయే తీగో కనిపెట్టాను. అయితే డబ్బా మీద ఒక్కో స్పీకరుకు వేరువేరుగా రెండేసి తీగలు బిగించాలని బొమ్మ వేసి ఉంది. ఆ బొమ్మ గీసినవాడి అమాయకత్వానికి నాకు నవ్వొచ్చింది. ఇంట్లో ఎన్ని బల్బులున్నా న్యూట్రల్ ఒకటే కదా! రెండు స్పీకర్ల నుంచి తిరిగి వచ్చే తీగలను కలిపి మెలేసి, డిక్కీలో కారు రేకుకు, రంగు కూడా గీకకుండా, ఒక్క మరతో బిగించేశాను. పాట పెడితే పక్కనున్న చాయ్ హోటల్ రేకులు అదిరాయి. మామ నన్ను కావలించుకున్నాడు. ఆ సాయంత్రం ఈ దేశంలో నాకంటే తెలివైనవాడు లేడు.

కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డికి పోయే దారిలో ప్రతి గుంతా ఆ మరను కొంచెం కొంచెంగా వదులు చేస్తూ వచ్చిందని నాకేం తెలుసు? అది రేకును వదిలితే రెండు స్పీకర్లలోనూ సమానంగా ఉన్న ధ్వనులు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. పాడే గొంతు రెండు వైపులా సమానంగా ఉంటుంది కాబట్టి ముందు పోయేది అదే. (ఇదంతా దుబాయిలో ఫోన్‌లో చూసి నేర్చుకున్న జ్ఞానం.)

పూలతో పేర్చిన బతుకమ్మలను తెచ్చి మైదానంలో దించారు. ఆడవాళ్లు చుట్టూ నిలబడ్డారు. బాపు గోడ మీద కూర్చున్నాడు. నేను మీట నొక్కాను. డప్పు వచ్చింది, పిల్లనగ్రోవి వచ్చింది, చప్పట్లు వచ్చాయి. పాడే మనిషి మాత్రం రాలేదు. ఆడవాళ్లు చేతులెత్తి పట్టుకుని పాట కోసం చూస్తున్నారు. సౌండు పెంచితే డప్పు పెరిగింది.

"అల్లుడా, పాట ఏడ వోయిందిరా?" అన్నాడు మామ.

"వస్తది మామా, జర వేడెక్కాలె" అన్నాను. ఏం వేడెక్కాలో నాకే తెలియదు. నా ఒళ్లు మాత్రం బాగానే వేడెక్కింది. డిక్కీలో తలదూర్చి కనబడ్డ తీగనల్లా పీకి మళ్లీ పెట్టాను. దుబాయి నా వీపు వెనకే వచ్చి నిలబడినట్టు అనిపించింది. నిజం చెప్పాలంటే ఏడుపొచ్చింది. అప్పుడు మామ భార్య, మా అత్తమ్మ, ఆ ఉత్త దరువుకే చప్పట్లు కలిపి అందుకుంది.

"కొత్త కారొచ్చె ఉయ్యాలో, కూత లేదాయె ఉయ్యాలో! అల్లుడు జేసిండు ఉయ్యాలో, గొంతు పిసికిండు ఉయ్యాలో!"

మైదానమంతా ఒక్కసారి గొల్లుమంది. మరుక్షణం అందరూ వంత అందుకున్నారు. అందరికంటే గట్టిగా పాడుతున్నది మా అవ్వ! ఎప్పుడో ఆడటం మానేసిన ముసలమ్మలు కూడా వచ్చి వలయంలో కలిశారు. ఒక్కొక్కరు ఒక్కో మాట కలుపుతూ పోయారు. నేను డిక్కీలోంచి తల బయటికి తీయలేదు.

ఇంటికి పోతూ ఉండబట్టలేక "ఆడోళ్లు మస్తు సంబురంగ పాడిండ్రు గద బాపూ" అన్నాను.

"పాడింది ఆడోళ్లు. నీ కారు గాదు" అన్నాడు బాపు.

పెట్టె సర్దుకున్నాను. మరుసటి బతుకమ్మకు దుబాయిలో ఒక గదిలో, ఇనుప మంచం మీద ఉన్నాను. అక్కడ ఇంకా ఎండ పోలేదు. అవ్వ ఫోన్ చేసి, "విను కొడుకా" అని ఫోనును మైదానం వైపు పట్టింది. కారు లేదు, డబ్బా లేదు. అత్తమ్మ నా పాటే ఎత్తుకుంది. కొత్త కారు, పోయిన కూత, పిసికిన గొంతు, ఏదీ వదల్లేదు. ఇంత దూరం వచ్చినా నన్ను వదలరా అని ఫోన్ పెట్టేయబోయాను. ఇంతలో దగ్గర నుంచి అవ్వ గొంతు వినబడింది. "ఎవ్వరేమన్ననీ ఉయ్యాలో, నా కొడుకె జేసిండు ఉయ్యాలో." ఈ మాట ఇప్పుడు కలిపినవా అని అడిగితే, "పోయినేడే కలిపిన. నువ్వు డిక్కిల ఉంటివి, ఎట్ల ఇనవడ్తది?" అంది.

పక్క మంచం మీది అన్న జగిత్యాల మనిషి. లేచి కూర్చుని "ఏం పాట తమ్మీ గది? ఎన్నడు వినలే" అన్నాడు.

"నా పాట అన్నా" అన్నాను. ఫోనును స్పీకరులో పెట్టి మా మంచాల మధ్య ఉంచాను.