కళ్ళకద్దుకున్న బ్యాటన్

సికింద్రాబాద్‌లో చెన్నై రైలు సాయంత్రం ఆరింటికి. చిక్కడపల్లి నుంచి ఆటోలో అరగంట చాలు, అయినా నేను నాలుగున్నరకే బయలుదేరాను. యాభై ఎనిమిదేళ్ళ వయసులో దేశం పేరున్న చొక్కా తొడుక్కున్నాక ఇంట్లో కుదురుగా కూర్చోవడం నా వల్ల కాలేదు.

వెళ్ళేది కొలంబోకి, యాభై దాటినవాళ్ళ అంతర్జాతీయ అథ్లెటిక్స్ పోటీలకు. ఎవరి ఖర్చు వాళ్ళదే కావడంతో మన దేశం తరఫున చివరికి తొమ్మిది మందిమే తేలాం. అందులో ఆడవాళ్ళం నలుగురం, ఒక రిలేకు సరిపోయాం. హైదరాబాద్ నుంచి నేను, బాలమణి. చెన్నైలో కలిసేవాళ్ళు సెల్వి, ఆమె వదిన.

నేను నారాయణగూడ స్కూల్లో డ్రిల్ టీచరుగా చేసి రిటైరయ్యాను. అంబర్‌పేట్‌లో ఉండే బాలమణి సుల్తాన్ బజార్‌లో చీరలకు ఫాల్స్ కుడుతుంది. రోజూ పొద్దున్నే మా స్కూలు మైదానంలో నాతోపాటు పరిగెత్తుతుంది. స్టేషన్‌లో ఆమెను దింపడానికి వచ్చిన కొడుకు నాతో అన్నాడు: “జర మీరన్న చెప్పున్రి మేడం. ఈ వయసుల నిక్కరేసుకొని ఉరుకుడేందని బస్తీల నవ్వుతున్నరు. మెడల్ తెస్తే అందరి నోర్లు నేనే మూయిస్త. లేకుంటే ఇదే ఆఖరు.”

రైలు కదిలాక బాలమణి మెల్లగా అంది: “ఉరకకుండ నేనుండలేను మేడం. దినమంతట్ల ఆ గంటనే నాది.”

“నేనున్నా కదా, తెద్దాంలే,” అని భరోసా ఇచ్చేశాను.

పొద్దున చెన్నైలో దిగి, స్టేషన్ ఎదురుగా ఇడ్లీ తిని, మధ్యాహ్నం విమానం ఎక్కాం. గంటన్నర కూడా పట్టదు. కొలంబో విమానాశ్రయం బయటే ఊళ్ళోకి బస్సులుంటాయి, టాక్సీవాళ్ళ మాటలకు లొంగకండి. బస సముద్రం దగ్గర ఒక చిన్న లాడ్జిలో. రాత్రికి బియ్యప్పిండి సేమ్యాలాంటి ఇడియాప్పం, కొబ్బరి పచ్చడి. కారం మన నోటికి సరిపోయింది. బాలమణి రెండుసార్లు వడ్డించుకుంది.

మర్నాడు పదకొండు గంటలకు మా రిలే. ఆరు జట్లు. సెల్వి వదిన మొదలుపెట్టింది, సెల్వి రెండోది, నేను మూడు, బాలమణి ఆఖరు. సెల్వి నా దగ్గరికి వచ్చేసరికి మేం మూడో స్థానంలో ఉన్నాం. బ్యాటన్ చేతికందింది. రెండడుగులు వేశానో లేదో, చెమటకు జారి కింద పడింది. పరుగు ఆపుకునేలోపే నా కాలు దానికి తగిలింది.

బ్యాటన్ పడితే తీసుకో, పరిగెత్తు, ఇంకేం ఆలోచించకు అని ఎంతమంది పిల్లలకు అరిచి చెప్పానో! నేను మాత్రం వంగి తీసి, రెండు కళ్ళకూ అద్దుకున్నాను. కాలు తగిలితే పుస్తకాన్నయినా చేటనయినా అద్దుకునే చేతులు, నన్ను అడగలేదు. పైగా ఒక కన్నుతో సరిపెట్టలేదు, రెండూ. స్టాండ్స్‌లో ఎవరో పగలబడి నవ్వారు.

బాలమణి ప్రాణం పెట్టి ఉరికింది. అయినా నాలుగో స్థానమే. మూడోవాళ్ళకూ మాకూ మధ్య తేడా, నేను ఆ బ్యాటన్‌ను కళ్ళకద్దుకున్నంత సేపే. సెల్వి నా వీపు నిమిరింది. బాలమణి నాకు నీళ్ళ సీసా అందించింది. తిట్టినా బాగుండేది. సిగ్గుతో ఆ రాత్రి నేను కిందికి దిగి భోజనానికి కూడా వెళ్ళలేదు.

తిరుగు రైలులో ఒంగోలులో ఎక్కిన ఒకావిడ మా చొక్కాలు చూసి సంబరపడింది. “దేశం తరఫున వెళ్ళారా? గెలిచారా అండీ?”

“నాలుగో నంబరొచ్చినమమ్మా. నా మోకాలు పట్టేసింది,” అంది బాలమణి.

నేను ఉలిక్కిపడ్డాను. అప్పుడే నోరు విప్పాల్సింది. విప్పకుండా కిటికీలోంచి పొలాలు చూస్తూ కూర్చున్నాను. ఆవిడ నిద్రపోయాక అడిగాను: “అట్లెందుకు చెప్పినవ్ బాలమణీ?”

“మీరు అంతమందికి చదువు చెప్పిన టీచరు. మిమ్మల్ని చూసి నవ్వితే నాకు మంచిగనిపియ్యదు. నన్నంటరా, ఎట్లయిన నవ్వుతనే ఉన్నరు.”

కొలంబో చూడదగ్గ ఊరే. సముద్రం ఒడ్డున నడిచే రైలు, శుభ్రమైన వీధులు, నెమ్మదైన మనుషులు. వెళ్ళేవాళ్ళు తప్పకుండా వెళ్ళండి. నాకు మాత్రం ఆ ఊరు తలుచుకుంటే ముందు చెవులు వేడెక్కుతాయి.

సికింద్రాబాద్‌లో దిగేసరికి కొడుకు ప్లాట్‌ఫారం మీదే ఉన్నాడు. తల్లి మెడ వంక చూశాడు. “మోకాలు పట్టేసింది బిడ్డా,” అంది ఆమె.

“చాలమ్మా, ఇగ చాలు. మోకాలు పోగొట్టుకుంటవా?” అని ఆమె సంచి అందుకున్నాడు.

“ఆమె తప్పేం లేదు నాయనా,” అన్నాను. “బ్యాటన్ పడేసింది నేను. కాలు తగిలిందని కళ్ళకద్దుకుంటూ నిలబడ్డా. అందుకే పోయింది మెడల్.”

అతను నా ముఖంలోకి చూసి నవ్వేశాడు, ప్రేమగానే. “ఉరికేటప్పుడు ఎవరన్న కట్టెకు మొక్కుతరా మేడం? అది గూడ మీరు? మా అమ్మను కాపాడనీకి ఎంత మాటంటున్నరు. మీరు పెద్ద మనసున్నోళ్ళు.”

నేను మళ్ళీ చెప్పాను. అతను నమ్మకుండా నవ్వుతూ తల అడ్డంగా ఊపాడు. బాలమణి నా వైపు చూడకుండా మెట్లు ఎక్కుతోంది, రెండు కాళ్ళమీదా సరిగ్గా, కొంచెం కూడా కుంటకుండా. కొడుకు నా పెట్టె కూడా తనే మోసుకొచ్చి చిక్కడపల్లి ఆటోలో పెట్టాడు. వంగి నా కాళ్ళకు దండం పెట్టాడు.