నల్లబల్ల మీద మూడు గడులు

హైటెక్ సిటీ మేడకు ఇంకా అద్దాలు బిగిస్తున్న రోజులవి. నిజాంపేట రోడ్డులో ఒక కంప్యూటర్ శిక్షణ కేంద్రంలో నేను తర్కం చెప్పేవాణ్ణి. ప్రోగ్రాం రాసే ముందు ఆలోచించడం రావాలి కదా. నల్లబల్ల మీద మూడు గడులు గీసేవాణ్ణి: ఏమంటున్నారు? ఆధారమేమిటి? వేరే కారణం ఉందా? ఎవరి మాటైనా సరే, చివరికి నా మాటైనా సరే, ఈ మూడూ దాటితేనే నమ్మండి అనేవాణ్ణి. వయసులో ఉన్నప్పుడు సంస్కరణ సభల్లో పురోహితులతో వాదించి వాళ్ల నోళ్లు మూయించిన పొగరు నా గొంతులో ఇంకా ఉండేది.

ఆ ఏడు మా కేంద్రం పిల్లల్లో ఒక్కరికీ ఉద్యోగం రాలేదు. యజమాని వాస్తు పండితుణ్ణి పిలిపించాడు. ఈశాన్యంలో బరువుండకూడదట! అక్కడున్న కంప్యూటర్లన్నీ ఆగ్నేయపు గదికి చేరేదాకా ల్యాబుకు తాళం.

మర్నాడు క్లాసులో మూడు గడులకూ ఒక ఉదాహరణ అడిగాను. బాలానగర్ ఫ్యాక్టరీలో ఫిట్టరు కూతురు ఒకమ్మాయి లేచి వచ్చి సుద్దముక్క అందుకుంది. మొదటి గడిలో, ఈశాన్యంలో బరువుంటే కొలువు రాదు అని రాసింది. రెండోది ఖాళీగా వదిలేసింది. మూడో గడిలో, ఆరుగురికి ఒక్క కంప్యూటరు, అదీ వారానికి రెండు గంటలు అని రాసింది. క్లాసంతా గొల్లున నవ్వింది. నవ్వు ఠక్కున ఆగిపోయింది. గుమ్మంలో యజమాని.

"ఎవరు రాయమన్నారమ్మాయ్?"

"సారే నేర్పిండ్రు."

ఆయన నా వైపు తిరిగాడు. "ఏం మాస్టారూ, మీరు చెబుతున్న పాఠం ఇదేనాండీ?"

అవును అంటే సరిపోయేది. ఒక్క మాట. "ఇంకేదైనా ఉదాహరణ తీసుకోవలసిందమ్మా" అన్నాను.

"రేపటి నుంచి నువ్వు రానక్కర్లేదు" అన్నాడాయన ఆమెతో, నెమ్మదిగా.

ఆమె సంచీ భుజాన వేసుకుంది. వెళ్లకుండా నన్నే అడిగింది: "సార్, మూడో గడిల తప్పున్నదా? జర చెప్పుండ్రి. తప్పుంటే నేనే తుడుస్త."

డస్టరు తీసుకుని నేనే తుడిచాను.

సోమవారం కంప్యూటర్లు ఆగ్నేయంలో ఉన్నాయి, ఆరుగురికి ఒకటి చొప్పున. మళ్లీ మూడు గడులు గీసి, ఆధారమేమిటి అని అడిగాను. నోరు విప్పే ముందు పిల్లలందరూ ఒకసారి గుమ్మం వైపు చూశారు.

అదీ నేను నేర్పిందే.