అరవై ఐసు పెట్టెలు, ఒకటే లాటు

పోయినవి ముందు చెబుతాను. ఐసు పెట్టెలు అరవై. ఏ లోపమూ లేనివి ముప్పై ఎనిమిది. మూత మాత్రమే విరిగినవి తొమ్మిది. అడుగు పగిలినా మూత బాగున్నవి పదమూడు. ఆ పదమూడు మూతల్లో తొమ్మిది తీసి ఇటు బిగిస్తే నలభై ఏడు పెట్టెలు పనికొస్తాయి. ఈ లెక్కకు పెద్ద చదువు అక్కర్లేదు. నేను పదో తరగతి తప్పినవాడినే.

మూడేళ్ల కిందటి మాట. అటెండరుగా చేరిన నేను, అప్పటికి కోటబొమ్మాళి దగ్గర మా శాఖ గోదాములో స్టోర్‌కీపర్ని. తుఫాను సాయం పంచగా మిగిలిన పెట్టెలవి. ఇలాంటి మిగులు సరుకును సర్‌ప్లస్ అంటాం. బాగున్నదాన్ని అర్హులకు పంచాలి. పాడైనదాన్నే కండెమ్ చేసి, అంటే పనికిరాదని రాసి, వేలం వెయ్యాలి. పంచాలంటే జాబితా, విచారణ, పది సంతకాలు. వేలానికి ఒక్క కాగితం చాలు.

భావనపాడులో చేపలమ్మే నూకాలమ్మ, తనతో కలిపి నలభై మంది ఆడవాళ్ల పేర్లతో, పెట్టెలిమ్మని అర్జీ తెచ్చింది. నేను నా లెక్క పట్టుకుని అధికారి దగ్గరకు వెళ్లాను. మంచివీ చెడ్డవీ వేరు చేద్దామన్నాను.

“రెండు లాట్లెందుకయ్యా? అన్నీ ఒకే కుప్ప చేసెయ్,” అన్నాడాయన.

ఆయన రాయించిన కండెమ్ కాగితంలో మొదటి పెట్టె ఎదురుగా ‘పనికిరాదు’ అని ఉంది. కింద యాభై తొమ్మిది వరసల్లోనూ ‘పైన ఉన్నదే’ అని చెప్పే డిటో గుర్తులే. సంతకం పెట్టాను.

వేలంలో తుక్కు కింద పాడుకున్న వ్యాపారి, లారీలో ఎక్కువ పట్టాలని, పెట్టెల్ని గోదాము వాకిట్లోనే గొడ్డళ్లతో పగలగొట్టించాడు. అర్జీ సంగతి కనుక్కుందామని అప్పుడే వచ్చింది నూకాలమ్మ.

“ఏటి బాబూ ఇది? బతికున్నోడికి దినం సేసేత్తన్నారేటి?”

“పనికిరావని రాశారమ్మా.”

“ఎవుడు రాసినాడు?”

“కింద నా సంతకమూ ఉంది.”

“ఓలమ్మ! లెక్కలోడివి గదా, మంచియేవో సెడ్డయేవో నీకు కనబడ్నేదా? ఎండెక్కితే మా గంపలో సేప మెత్తబడిపోతాది. సగం రేటుకిచ్చీసి ఇంటికెల్లిపోవాల. నీకేటి, నీ జీతం మెత్తబడదు!”

గోదాము ఖాళీ చేసినందుకు అధికారికి పై నుంచి మెచ్చుకోలు వచ్చింది. ఆ కోపం నాకింకా తగ్గలేదు. తెలిసీ సంతకం పెట్టిన నా చేతి మీద కోపం అంతకంటే ఎక్కువ. అప్పటినుంచి డిటో ఉన్న కాగితాన్ని వెనక్కి పంపుతాను. ఒక్కో వస్తువుకూ దాని స్థితి విడిగా రాయమంటాను. విసుక్కుంటారు. విసుక్కోనీ.

పోయినేడు కొత్త పెట్టెలు పన్నెండు వచ్చాయి. వెంటపడి, ఆ పాత అర్జీలో ఉన్న వరసలోనే ఇప్పించాను. అందరి పేర్లూ ముందు రాయించి తన పేరు ఆఖరున పెట్టించుకున్న నూకాలమ్మకు రాలేదు. భావనపాడుకు మేము ఇంకా ఇరవై ఎనిమిది పెట్టెలు బాకీ.