సూది పట్టే హక్కు

బందరులో మా మందుల షాపు గోడమీద, దేవుడి పటం పక్కనే నా సర్టిఫికెట్ వేలాడుతూ ఉంటుంది. నాలుగేళ్లు చదివి తెచ్చుకున్నది. ఏ మందు నరానికి, ఏది కండకి, ఏది ఎంత లోతుకి వెళ్లాలో అన్నీ నా చేత పరీక్షల్లో రాయించి, చివరికి నీ పని అమ్మడం వరకే, మనిషికి సూది గుచ్చకూడదు అని చెప్పి పంపించారు. మా షాపుకి ఎదురుగా ఒక ఆర్‌ఎంపీ గారున్నారు. ఆయన ఏం చదివారో ఎవరూ అడగలేదు. పొద్దుటినుంచి ఎంతమందికి గుచ్చుతారో ఆయనకే లెక్క తెలియదు. మా వీధిలో డాక్టరు గారంటే ఆయనే.

ఆయన గొప్పంతా రుద్దడంలో ఉంది. సూది తీయగానే దూది పెట్టి, చపాతీ పిండి పిసికినట్టు రుద్దుతారు. మావాళ్లు ఇంజెక్షను మంచిచెడ్డలు ఆ రుద్దుడును బట్టే తేలుస్తారు. గట్టిగా రుద్దితే మందు ఒంటికి పట్టినట్టు. ఆయన హస్తవాసి అలాంటిదండీ అనుకుంటూ దివిసీమ నుంచి కూడా బస్సెక్కి వస్తారు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది.

ఆమధ్య గుడివాడలో మా ఫార్మసిస్టులకి ఒకరోజు క్లాసు పెడితే వెళ్లాను. ఒకసారి వేస్తే వారాల తరబడి పనిచేసే ఇంజెక్షన్ల గురించి. కొన్ని దేశాల్లో వాటిని మందుల షాపులోనే ఫార్మసిస్టులు వేస్తారట. విడిగా గది ఉండాలి, తెర ఉండాలి, కిందటిసారి ఎప్పుడు వేశారో చూడాలి, ఆలస్యమైతే డాక్టరుతో మాట్లాడాలి, వేశాక కాసేపు కూర్చోబెట్టాలి. వచ్చినాయన తెరమీద ఉన్నది ఉన్నట్టు చదివారు.

"మరి మనం వేయొచ్చాండీ?" అని లేచి అడిగాను.

"మన పరిధిలోకి రాదమ్మా. తెలుసుకుని ఉంటే మంచిది," అన్నారు.

సరే, తెలుసుకున్నాం. బిర్యానీ పొట్లం తిని, సంతకం పెట్టి, బస్సెక్కాం.

పెడనలో కలంకారీ అద్దకం పని చేసే ఒకాయనకి చెవిలో ఎవరో తిడుతున్నట్టు మాటలు వినపడే జబ్బు ఉంది. బిళ్లలిస్తే నాలుక కింద దాచి ఉమ్మేస్తున్నాడని విజయవాడ డాక్టరు ఇంజెక్షను రాశారు. ఇరవై ఎనిమిది రోజులకోసారి. నూనె మందు. లావుపాటి సూదితో తుంటి కండలోకి లోతుగా వెయ్యాలి. వేశాక రుద్దకూడదు, రుద్దితే మందు వెనక్కి కారిపోతుంది. దాని బలంమీద రెండేళ్లు ఆయన బల్ల దగ్గర నిలబడి అచ్చు తప్పకుండా అద్దకం వేశాడు. వాళ్లకి తెలిసిన, ఇంజెక్షను వేసే నర్సుకి బదిలీ అయ్యాక భార్యకి తిప్పలు మొదలయ్యాయి. ఒక ఆసుపత్రిలో ఇది మా డాక్టరు రాసింది కాదన్నారు. ఇంకో చోట మతి చెడినవాళ్లకి మేం వెయ్యమన్నారు.

"మీరే వేసెయ్యండి మేడం గారూ. అన్నీ తెలిసినవారు కదా," అంది నాతో.

"నాకు హక్కు లేదమ్మా," అన్నాను. ఎంత ఠీవిగా అన్నానో తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆవిడ మొగుణ్ణి తీసుకుని రోడ్డు దాటింది. ఆర్‌ఎంపీ గారు సన్నసూదితో జబ్బకి వేసి, నూనె దూదికి అంటేదాకా రుద్దారు. నా కౌంటరు దగ్గరికి అంతా కనిపిస్తూనే ఉంది. మర్నాడు వెళ్లి, అది రుద్దకూడదండీ అని చెప్పాను.

"చెల్లెమ్మా, నువ్వు బిళ్లలు అమ్ముకో. నా చెయ్యి పడితే రోగం ఉంటుందా?" అన్నారాయన.

వెనక్కి వచ్చి బిళ్లలు అమ్ముకున్నాను. అలా మూడు ఇంజెక్షన్లు. మూడూ నేను అమ్మినవే.

ఆ తరవాత ఒకరోజు ఆ పెడన ఆయన, అచ్చులు తనని తిడుతున్నాయని వాటిని కాలవలో పారేసి ఎటో వెళ్లిపోయాడు. రెండో రోజున పాలకాయతిప్పలో, కృష్ణ సముద్రంలో కలిసే దగ్గర మొలలోతు నీళ్లలో నిలబడి ఉంటే వేటకెళ్లేవాళ్లు చూసి ఒడ్డుకి లాక్కొచ్చారు. విజయవాడలో కొన్నాళ్లు ఉంచి నయం చేసి పంపారు. ఈ ఒక్కసారికీ పనిలో పెట్టుకుంటాను, మళ్లీ ఇలా అయితే రావద్దన్నాడు యజమాని. భార్య ఆ మాట చెప్పి, ఇంజెక్షను పెట్టె నా ముందే పెట్టి, "ఇంక ఎక్కడికి వెళ్లమంటారండీ?" అంది.

సరుకు గది తలుపు తీశాను. సెలైన్ పెట్టెల మధ్య ఆయన్ని నిలబెట్టి, చర్మం పక్కకి లాగి, ఎడమ తుంటికి నెమ్మదిగా వేశాను. దూది ఊరికే అదిమి పట్టుకున్నాను.

"రుద్దరేంటండీ?" అన్నాడు.

"మేడం గారికి అలవాటు లేదులే," అంది భార్య తలుపు దగ్గరనుంచి.

నూనె మందు సంగతి, కండ సంగతి, గుడివాడలో విన్నదంతా అప్పజెప్పాను. ఆయన ఒక్క ముక్క వినలేదు. "రుద్దకపోతే పట్టదండీ. డాక్టరు గారి చేత రుద్దించుకుని వస్తాను," అంటూ లుంగీ బిగించాడు. భార్య నావైపు చూసింది. ఆయన రోడ్డు దాటితే ఆ నెల మందు మళ్లీ దూది పాలే.

"ఆగండి. ఈ మందుకి రెండో పక్క రుద్దాలి," అన్నాను.

"అలాగా అండీ?"

"కొత్త పద్ధతి."

బుద్ధిగా అటు తిరిగాడు. సూది పడని కుడి తుంటిని, నా నాలుగేళ్ల చదువూ సాక్షిగా, చెయ్యి నొప్పి పుట్టేదాకా రుద్దాను. రుద్దుతున్నంతసేపూ కోపంతో నా చెవులు వేడెక్కిపోయాయి.

"ఆ, ఇప్పుడు పట్టిందండీ," అని పెడన బస్సుకి వెళ్లిపోయాడు.

పుస్తకంలో ఉన్న రూళ్లన్నీ వల్లించినప్పుడు ఆ మనిషి లుంగీ బిగించాడు. ఏ పుస్తకంలోనూ లేని ఈ ఒక్కదానికి ఇరవై ఎనిమిదో రోజున, ఒక్కపూట ఆలస్యం చెయ్యకుండా, చేతులకి రంగు కూడా కడుక్కోకుండా బల్ల దగ్గరనుంచి నేరుగా వచ్చేస్తున్నాడు.